రన్‌వే మీద వడ్లు

ఆదివారం, బరంపురం

పొద్దున ఫోన్‌లో మెమరీ నిండిపోయిందని మెసేజ్ వచ్చింది. బయట నుంచి బరా, ఘుగుని తెచ్చుకుని తింటూ ఫోటోలు డిలీట్ చేయడం మొదలుపెట్టాను. గుడ్ మార్నింగ్ పూలన్నీ పోయాయి. ఎవరెవరో పంపిన ఆధార్ కాపీలు పోయాయి. శీతాకాలంలో పని మీద బాలాసోర్ వెళ్ళినప్పుడు తీసిన అమర్దా రోడ్ ఫోటోల దగ్గర ఆగిపోయాను. "ఏటి, ఇంకా ఆ ఫోనేనా?" అని వంటింట్లోంచి మా ఆవిడ. లేవాల్సిందే గానీ లేవలేదు.

ఆ ఫోటోల్లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. అవతలి చివర కనపడనంత పొడవున కాంక్రీటు నేల, పగుళ్ళలో గడ్డి, దాని మీద ఆరబోసిన వడ్లు, వడ్ల పక్కనుంచి సైకిల్ మీద పోతున్న ఇద్దరు ఆడపిల్లలు. అంతే. కానీ అది రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం వాడిన రన్‌వే. పొడవు దాదాపు మూడున్నర కిలోమీటర్లు. ఆసియాలోకెల్లా పెద్దదని అక్కడివాళ్ళు చెబుతారు. పాత ఎయిర్‌ఫీల్డ్ ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి మాట ఒకటి వినిపిస్తుంది కాబట్టి దాని మీద నేను పందెం కాయను. పొడవు మాత్రం నిజంగానే కళ్ళు తిప్పుతుంది.

మన వైపు నుంచి హౌరా మెయిల్ ఎక్కినవాళ్ళందరూ ఆ పేరు దాటి వెళ్ళినవాళ్ళే. బాలాసోర్ తరవాత, జలేశ్వర్ రాకముందు, అమర్దా రోడ్ అని చిన్న స్టేషన్. ఎయిర్‌ఫీల్డ్ అక్కడ లేదు, లోపల మయూర్‌భంజ్ జిల్లాలో రస్‌గోవింద్‌పూర్ దగ్గర ఉంది. యుద్ధకాలంలో అది మయూర్‌భంజ్ సంస్థానం, ఒడిశాలో కలిసింది 1949లో. దళానికి మాత్రం రైలు స్టేషన్ పేరే అలవాటైంది.

అంత పెద్దది అక్కడెందుకు కట్టారంటే, బర్మా. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే వారంలో జపాన్ నౌకలు బంగాళాఖాతంలో 23 సరుకు ఓడల్ని ముంచాయి. ఆ దెబ్బతో దేశంలో, ముఖ్యంగా తూర్పు వైపున, ఎయిర్‌ఫీల్డులు కట్టడం మొదలైంది. యుద్ధం ముగిసేలోపు దేశం మొత్తం మీద కట్టినవి రెండు వందలకు పైనే. యంత్రాలు తక్కువ. రాయి కొట్టింది చేత్తో, మోసింది తట్టలతో నెత్తి మీద. పక్కనే మిడ్నాపూర్‌లో 1942 అక్టోబర్‌లో తుఫాను, మరుసటేడు కరువు. అలాంటి రోజుల్లో ఆ తట్ట కూలి ఎంతమందికి అన్నం పెట్టిందో ఏ ఫలకం మీదా రాయలేదు.

అమర్దా రోడ్ నుంచి యుద్ధానికి వెళ్ళిన విమానాల కంటే అక్కడ పాఠాలు నేర్చుకున్న పైలట్లే ముఖ్యం. 1943లో అక్కడ గాలిలో పోరాటం నేర్పే బడి పెట్టారు. దాన్ని నడిపింది ఫ్రాంక్ కేరీ. ఇతని కథ నాకు భలే నచ్చింది. పదిహేనేళ్ళ వయసులో అప్రెంటిస్‌గా చేరి, విమానాలకు రెంచీలు బిగించే పని నుంచి పైలట్ అయ్యాడు. 1940లో ఇంగ్లండ్ మీద జరిగిన పోరులో పేరు తెచ్చుకున్నాడు. 1942లో రంగూన్ కాపాడేందుకు వచ్చిన హరికేన్ యుద్ధవిమానాల పైలట్లలో ఒకడు. అక్కడ ఓడి వెనక్కి వచ్చినవాడే ఇక్కడ మేష్టారయ్యాడు. జపాన్ విమానాలు తేలిక, చటుక్కున తిరుగుతాయి. వాటితో గిరికీలు కొట్టబోతే హరికేన్‌కి చావే. ఎత్తు నుంచి దూసుకొచ్చి, కాల్చి, వెళ్ళిపోవాలి. కాల్చేటప్పుడు కూడా విమానం ఇప్పుడున్న చోటికి కాదు, గుండు చేరేసరికి అది ఉండబోయే చోటికి గురి పెట్టాలి. అది కంటితో రాదు, చేసి చేసి రావాలి. తుపాకీతో పాటు కెమెరా బిగించి, గురి ఎక్కడ తప్పిందో తరవాత ఫిల్ములో చూపించేవారు.

నేర్చుకునేచోట కూడా ప్రాణాలు పోయాయి. 1945 జులై 26న రెండు లిబరేటర్ బాంబర్లు దగ్గరగా ఎగిరే సాధనలో ఆకాశంలోనే ఢీకొన్నాయి. ఉన్న పధ్నాలుగు మందీ పోయారు. మూడు వారాలు కూడా తిరక్కుండా జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించింది. ఈ తేదీల్ని పక్కపక్కన పెట్టుకుని చూస్తే మనసు పాడవుతుంది.

ఆ తరవాత దళం వెళ్ళిపోయింది. మొత్తం కలిపితే యుద్ధం ఆ నేలని వాడింది మూడేళ్ళో, ఇంకాస్తో. ఎనభై ఏళ్ళుగా వాడుతున్నది ఊరు. నాకు ఎయిర్‌ఫీల్డ్ చరిత్ర అంటే ఈ రెండోదే ఎక్కువ అనిపిస్తుంది. అక్కడ నేను మాట్లాడిన పెద్దాయన ఆ కాంక్రీటు మీదే సైకిల్ నేర్చుకున్నాడట, కొడుకు మోటార్ సైకిల్ నేర్చుకున్నాడట. "మవుసా, యుద్ధం సంగతులు మీ ఇంట్లో ఎవరైనా చెప్పేవారా?" అని ఒడియాలో అడిగితే, యుద్ధం జోలికి పోకుండా, వానాకాలంలో ఊరంతా బురదైనా ఇక్కడ కాలికి మట్టి అంటదని చెప్పాడు. పొదల్లోకి వెళ్ళే దారి ఒకటి చూపించాడు. విమానాల్ని ఒకేచోట పెడితే ఒక్క బాంబుకే పోతాయని దూరదూరంగా నిలిపేవారు కదా, ఆ నిలిపే చోట్లకు తీసుకెళ్ళే దారులు అలాంటివే. ఇప్పుడు మేకలు నడుస్తున్నాయి.

ఇక్కడ మళ్ళీ విమానాలు నడపాలని కొన్నాళ్ళుగా మాటలు నడుస్తున్నాయి. వస్తే మంచిదేనన్నాడు పెద్దాయన. "మరి వడ్లు ఎక్కడ ఆరబెట్టుకోవాలి?" అని కూడా అన్నాడు. నవ్వులాటకి అనలేదు. మూడున్నర కిలోమీటర్ల కళ్ళం ఎవరు మాత్రం ఊరికే వదులుకుంటారు?

ఝార్సుగూడకి అదృష్టం పట్టింది. అది కూడా యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డే, 2018 సెప్టెంబర్‌లో పూర్తిస్థాయి విమానాశ్రయంగా తెరిచారు. కటక్ దగ్గర చర్‌బటియా వేరే రకం. 1964లో అమెరికా యూ-2 గూఢచారి విమానం చైనా సరిహద్దు వైపు అక్కడినుంచే ఎగిరిందని ఆ దేశం వాళ్ళే 2013లో కాగితాలు బయటపెట్టారు. దాని దగ్గర ఫోటోలు తీస్తే ఫోన్ మెమరీ ఖాళీ చేసే పని అక్కడి కాపలావాళ్ళే చూసుకుంటారు. మన వైపు జయపూర్‌కి 2022లో భువనేశ్వర్ నుంచి తొమ్మిది సీట్ల విమానం మొదలైంది. మా రంగేయిలుండ ఎయిర్‌స్ట్రిప్ సంగతి ఎన్నికలప్పుడల్లా వింటూనే ఉంటాం. మంత్రుల విమానం వచ్చిన రోజు రోడ్డు ఊడుస్తారు, అది ఒక లాభం.

సాయంత్రం ఎండ తగ్గాక మా గుంటడిని స్కూటర్ మీద గోపాల్‌పూర్ తీసుకెళ్ళాను. దారిలో వాడికి ఇదంతా చెబుతుంటే, "జపాన్ వాళ్ళు మన ఊరికి రాలేదు కదా, మరి మనకెందుకు?" అన్నాడు. సముద్రం దగ్గర పాత రేవు గిడ్డంగుల గోడలు చూపించాను. ఒకప్పుడు ఇక్కడినుంచే స్టీమర్లు రంగూన్ వెళ్ళేవి. మా వాళ్ళకి అది రంగం. గంజాం, శ్రీకాకుళం పల్లెల నుంచి రంగం పోయి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పని చేసి డబ్బు పంపినవాళ్ళు ఎంతమందో. రంగూన్ పడిపోయాక చాలామంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. కేరీ ఆకాశంలోంచి కాపాడటానికి చూసిన ఊరు, మా వాళ్ళు తట్ట మోసిన ఊరు ఒకటే. వాడు కాసేపు విని ఐస్‌క్రీమ్ అడిగాడు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నని కదిపాను. బాంబులు పడ్డ ఏడు నాయనమ్మకి పదేళ్ళుంటాయి. విశాఖ వార్త రాగానే ఇల్లు తాళం పెట్టి బండి కట్టుకుని ఇచ్ఛాపురం అవతల మేనమామ గారి పల్లెకి పోయారని ఆవిడ చెప్పగా విన్నాను. ఎన్నాళ్ళున్నారని అడిగాను.

"బాంబుల మాట అటుంచు," అన్నాడు నాన్న. "ఆ రోజుల సంగతి అడిగితే అమ్మ బాంబుల గురించి ఎప్పుడూ చెప్పలేదు. బియ్యం దొరకలేదనే చెప్పేది. పల్లెకి పోయింది కూడా అందుకేనేమో."

ఇంకేమైనా గుర్తుందేమోనని అడగబోయాను. అప్పటికే మజ్జిగ కోసం గిన్నె జరిపాడు. పల్లె పేరు పెద్దత్తకి తెలుసంట, రేపు ఫోన్ చేయాలి.