కొబ్బరి గొయ్యి, నాన్న బూడిద

ఆదివారం. పొద్దున్నే చిన్న జల్లు పడి తెరిపిచ్చింది. "పదును ఉండగానే కొబ్బరి మొక్క పెట్టేద్దాం" అని అమ్మ ఒకటే తొందర. టిఫిన్ కాగానే గునపం పట్టుకుని తోటలోకి వెళ్లాం.

నాన్న మాఘంలో పోయారు. అస్థికలు కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే చోట కలిపేశాం. చితి దగ్గర మిగిలిన బూడిదలో కొంత మాత్రం అమ్మ పట్టుబట్టి తెప్పించుకుంది. ఇంట్లోకి తేకూడదన్నారని స్టీలు క్యారేజీలో పోసి పశువుల పాక బయట దూలానికి వేలాడదీశాం.

పెదనాన్నకి ఇది మొదట్నుంచీ ఇష్టం లేదు. "బూడిద మొక్కకెయ్యడమేట్రా? ఎవులైనా తొక్కితే?" అన్నారు. నెహ్రూ 1954లో రాసిన వీలునామా సంగతి చెప్పాను. గుప్పెడు బూడిద అలహాబాదులో గంగలో కలిపి, చాలా భాగం విమానంలోంచి రైతుల పొలాల మీద చల్లమన్నాడాయన. పెదనాన్నది పాత కాంగ్రెస్ ప్రాణం. "పెద్దోల్ల సంగతి వేరు" అని గొణిగారు గానీ, ఇవాళ అందరికంటే ముందు జల్లెడ పట్టుకుని ఆయనే వచ్చారు.

అసలు చిక్కు ఆచారంలో లేదు, మట్టిలో ఉంది. మా ఊరి వ్యవసాయ సహాయకురాలు ముందే చెప్పింది: "నేరుగా వేళ్లకి తగిలితే మాడిపోద్దండి." చితి బూడిద సున్నంలా ఘాటు, క్షారగుణాన్ని కొలిచే పీహెచ్ పదకొండు దాటుతుంది. ఉప్పూ ఎక్కువే. మొక్కకి కావాల్సిన నత్రజని మంటల్లోనే పోతుంది. ఎముకలో కాల్షియం, భాస్వరం మిగులుతాయి గానీ వేళ్లకి అంత సులువుగా అందవు. బూడిద వేస్తే పోయిన మనిషే చెట్టయి పెరుగుతాడని ఊరించే ప్రకటనలు చూస్తే అందుకే నాకు చిరాకు. మేం పడిన పాట్లన్నీ బూడిద వల్ల మొక్కకి మేలు జరగాలని కాదు, కీడు జరగకూడదని. రెండు దోసిళ్ల బూడిదని తట్టల కొద్దీ గత్తంలో, అంటే పశువుల ఎరువులో, కలిపి, వేసవంతా తడుపుతూ, తిరగేస్తూ మాగబెట్టింది అమ్మ.

కొబ్బరే ఎందుకంటే, ఉప్పుకి ఓర్చుకుంటుంది. శ్రీకాకుళం తీరంలోని మా ఉద్దానంలో కొబ్బరి గోతిలో ఉప్పు వెయ్యడం కొత్త కాదు, నాన్న కూడా వేసేవారు. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటని పడుకోబెట్టేశాక ఆ మూల ఖాళీగానే ఉండిపోయింది.

గొయ్యి మూడడుగుల లోతు, అంతే వెడల్పు. ఎర్ర ఇసక నేల కాబట్టి తవ్వడం కష్టం కాలేదు. క్యారేజీలో మిగిలిన బూడిదని పెదనాన్న గోనెపట్టా మీద జల్లించారు. మెత్తటి పొడి కిందికి రాలింది. జల్లెడలో నల్ల బొగ్గు ముక్కలు, నాలుగైదు తెల్లటి ఎముక పలుకులు మిగిలాయి. వేలితో అటూ ఇటూ జరుపుతూ ఆ పలుకులన్నీ ఏరి కండువా కొంగులో మూట కట్టుకున్నారు. "ఇవి భూమిలో ఉండకూడదు. ఏట్లో కలిపేస్తాను" అన్నారు. అమ్మ కాదనలేదు. నేను నోరు మెదపలేదు. ఆయనకి తమ్ముడు కదా.

మాగిన గత్తం, పైమట్టి కలిపి గొయ్యి సగం పైగా నింపాం. మొక్క చుట్టూ మాత్రం ఉత్త మట్టే. కాయ పైభాగం బయటికి కనిపించేలా పెట్టి చుట్టూ తొక్కాం. తొక్కేటప్పుడు పెదనాన్న నాకేసి ఒక చూపు చూశారు. నాకూ ఆయన పాత మాట గుర్తొచ్చింది. ఇద్దరం చెప్పులు విప్పి తొక్కాం.

జల్లించిన పొడి ఇంకా సగం క్యారేజీ ఉంది. దాన్నీ మాగబెట్టి వచ్చే ఏడు పనస పెడదామంటోంది అమ్మ. పనసకి ఈ ఘాటు పడదు, వద్దన్నాను. "మీ నాన్నకి పనస ఇష్టం" అంది. ఆ సహాయకురాలినే మళ్లీ అడగాలి.

రేపు ముళ్లకంప కొట్టించి కంచె వెయ్యాలి. పక్క తోటలో మేకలు ఇప్పటికే రెండుసార్లు ఇటు చూసి వెళ్లాయి.