ఆల్బర్టా 2015: నా పాలిటీ ఆన్సర్లను మార్చిన ఎన్నిక

గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్న వాళ్ల కోసం రాస్తున్నా. ఎన్నికల సంస్కరణల మీద పెట్టిన మొదటి టెస్టులో ‘మన విధానంలో ఓట్ల శాతానికి, సీట్ల సంఖ్యకు పొంతన ఉండదు’ అని రాశాను. సార్ ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన ‘ఏదీ, చూపించు’ అని రాశారు. పదికి మూడున్నర వేశారు. నోట్స్‌లోంచి బట్టీ పట్టిన వాక్యం అది. దాని వెనక ఏముందో నాకే తెలీదు.

ఆ వారమంతా వెతికితే కెనడాలోని ఆల్బర్టా ప్రావిన్స్ శాసనసభ ఎన్నిక దొరికింది. అక్కడా మనలాగే ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలుస్తారు. అక్కడ ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ, అంటే పీసీ, 1971 నుంచి 44 ఏళ్లు ఏకధాటిగా పాలించింది. దానికంటే ఇంకాస్త కుడివైపు (రైట్‌వింగ్) మొగ్గున్న పార్టీగా వైల్డ్‌రోజ్ బలపడి, కన్సర్వేటివ్ ఓటు రెండుగా చీలింది. 2015 మే 5న 87 సీట్లకు పోలింగ్ జరిగితే పీసీకి 27.8 శాతం, వైల్డ్‌రోజ్‌కి 24.2 శాతం పడ్డాయి. కలిపితే 52. అధికారం మాత్రం 40.6 శాతంతో 54 సీట్లు తెచ్చుకున్న ఎన్డీపీకి, అంటే వామపక్షం వైపు మొగ్గున్న న్యూ డెమొక్రటిక్ పార్టీకి దక్కింది. రేచెల్ నాట్లీ ప్రీమియర్ అయ్యారు. మన ముఖ్యమంత్రి లాంటి పదవే అది.

ఇంకా లోపలికి వెళ్లండి. ఓట్లలో మూడో స్థానంలో ఉన్న వైల్డ్‌రోజ్‌కి 21 సీట్లొస్తే, దానికంటే ఎక్కువ ఓట్లొచ్చిన పీసీ 10 చోట్లే గెలిచింది. వైల్డ్‌రోజ్ ఓటు పల్లె నియోజకవర్గాల్లో దట్టంగా పడింది. పీసీ ఓటు అన్నిచోట్లా పలచగా పరుచుకుంది. సార్ అడిగిన ‘ఏదీ’కి జవాబు నాకు ఈ రెండు అంకెల్లో దొరికింది.

ఒక జాగ్రత్త. ‘చీలిక లేకపోతే కన్సర్వేటివ్‌లే గెలిచేవాళ్లు’ అని రాసేయకండి. 2017లో రెండు పార్టీలూ కలిసి యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ అయ్యాయి, 2019లో 54.9 శాతంతో 63 సీట్లు గెలిచాయి, నిజమే. కానీ 2015లో పీసీకి వేసిన ప్రతి ఒక్కరూ వైల్డ్‌రోజ్‌కి వేసేవాళ్లేనని ఎలా చెప్తాం? తర్వాతి టెస్టులో ఈ మాట రాస్తే సార్ అక్కడే టిక్కు పెట్టారు.

నన్ను బాగా పట్టుకున్నది ఆ ఎన్నికకు ముందు జరిగిన సంగతి. 2014 డిసెంబర్ 17న వైల్డ్‌రోజ్ నాయకురాలు, ప్రతిపక్ష నేత డానియెల్ స్మిత్ మరో ఎనిమిది మందితో కలిసి అధికార పార్టీలోకి వెళ్లిపోయారు. (తర్వాత ఆమెకు పీసీ టికెట్ కూడా దక్కలేదు. 2022లో అదే ఆల్బర్టాకు ప్రీమియర్ అయ్యారు.) అప్పటికి వైల్డ్‌రోజ్‌కి సభలో ఉన్నది 14 మంది. ఫిరాయింపుల చట్టం అక్కడ లేదు కాబట్టి ఎవరి సభ్యత్వమూ పోలేదు.

ఇదే మన అసెంబ్లీలో అయితే? పార్టీ మారినా సభ్యత్వం నిలవాలంటే ఆ పార్టీ సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకోవాలి. 14లో మూడింట రెండొంతులంటే 9.33, అంటే పది మంది కావాలి. వెళ్లింది తొమ్మిది మంది. ఒక్కరు తక్కువైనందుకు మన రాజ్యాంగం పదో షెడ్యూల్‌లోని (ఫిరాయింపుల చట్టం అంటే ఇదే) విలీనం రక్షణ దొరకదు. 2003కి ముందు ‘చీలిక’ పేరుతో మూడింట ఒక వంతు, అంటే ఐదుగురు బయటికొచ్చినా సరిపోయేది. 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమైనప్పుడు ఆ పన్నెండో సంతకానికి ఎందుకంత విలువో, ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే నాకు వెలిగింది.

ఇవాళ రాత్రి పది నిమిషాలు టైమ్ పెట్టుకుని మీరూ ఒకటి రాయండి. అదే 2015 ఎన్నికలో కాల్గరీ-గ్లెన్‌మోర్ నియోజకవర్గంలో ఇద్దరు అభ్యర్థులకు సరిగ్గా 7,015 చొప్పున ఓట్లొచ్చాయి, రీకౌంట్‌లో ఆరు ఓట్ల తేడాతో ఎన్డీపీ గెలిచింది. మన దగ్గర రీకౌంట్‌లోనూ సమానంగా వస్తే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 65 ప్రకారం రిటర్నింగ్ అధికారి ఏం చేయాలి?