నాన్న నిద్ర, అమ్మ మౌనం

బుధవారం. నిద్రలో కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసురుతున్న నాన్నను మళ్లీ న్యూరాలజిస్టుకు చూపించి, భోజనం వేళకు ఇల్లు చేరాం. పోయినసారి డాక్టరు గారు అడిగిన ప్రతిదానికీ అమ్మ ఒకటే జవాబు చెప్పింది: "ఏదో కలవరిస్తారండీ, అంతే." పక్కన నాన్న కూర్చుని ఉంటే అంతకు మించి ఆమెకు నోరు పెగలదు. మోచేతి పైన కమిలిన చోటును కొంగుతో కప్పుకుని కూర్చుంది. నాన్నకేమో రాత్రి ఏం చేశారో తెలియనే తెలియదు. చేసినవారికి తెలియక, తెలిసినవారు చెప్పక, ఇక వైద్యుడు దేన్ని చూసి తేల్చాలి? అందుకే ఆయన, "ఈసారి వచ్చేటప్పుడు రాత్రి వీడియో తీసుకురండి" అన్నారు.

గేటు దగ్గరి చిన్న కెమెరానే విప్పి పడకగదిలో బీరువా మీద పెట్టాం. నాన్నను అడిగే పెట్టాం. ఆయన వద్దని ఉంటే ఆ మాట అక్కడితో సరి. మొదట దోమతెర అడ్డొచ్చింది. చీకట్లో చూడడానికి కెమెరా వదిలే పరారుణ కాంతి తెర మీద పడి వెనక్కి కొట్టడంతో మంచమంతా తెల్లగా అలికినట్టు కనిపించింది. తెర తీసేసి దోమల మందు పెట్టాం. కాళ్ల కదలిక తెలియాలని పల్చని దుప్పటి ఇచ్చాం. తల నుంచి పాదాల దాకా పడాలి, మాట వినిపించాలి, మూలన టైము ఉండాలి.

ఈ రోజు చూపించినవాటిలో ఒకటి తెల్లవారుజాము 4:12కి మొదలవుతుంది. నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నారు, సన్నగా గురక. ముందు వేళ్లు అదిరాయి, తర్వాత పెదవులు. ఉన్నట్టుండి "పో! అవతలికి పో!" అని అరుస్తూ కుడికాలితో బలంగా తన్నారు. కళ్లు మూసుకునే ఉన్నాయి. అమ్మ చప్పున మంచం చివరికి జరిగి, చెయ్యి వేయకుండా, దూరం నుంచే "ఏమండీ, ఏమండీ" అని పిలిచింది. ఆ జరగడంలో ఎంత అలవాటు ఉందో చూసి నాకు కడుపులో దేవినట్టయింది. నాన్న లేచిన వెంటనే పూర్తి తెలివితో, "కుక్క మీదికొచ్చింది" అన్నారు.

డాక్టరు గారు ఆ ముక్కను మళ్లీ మళ్లీ చూశారు. నిద్రలో నడవడం, భయంతో కేకలు వేయడం వంటివి ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో, గాఢనిద్రలో వస్తాయట. అప్పుడు తరచు కళ్లు తెరిచే ఉంటాయి, లేపితే అయోమయంగా చూస్తారు. మూర్ఛ (ఫిట్స్) అయితే ప్రతిసారీ దాదాపు అవే కదలికలు. నాన్నవి తెల్లవారుజామున, ఒక్కో రాత్రి ఒక్కో తీరు, పైగా లేవగానే కల చెప్పారు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో మామూలుగా కండరాలు పట్టు వదిలేస్తాయి, అందుకే కలలో పరిగెత్తినా మంచం మీద కదలం. ఆ కట్టడి తప్పితే కల కాళ్లలోకీ చేతుల్లోకీ దిగుతుంది. అమెరికాలోని మినియాపొలిస్‌లో షెంక్, మహోవాల్డ్ అనే వైద్యులు 1986లో దీన్ని ఒక ప్రత్యేక రుగ్మతగా వివరించారు. ఇప్పుడు దీన్ని రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. యాభై దాటిన మగవారిలో ఎక్కువగా బయటపడుతుంది.

అయినా వీడియో చూసి తీర్పు చెప్పేయలేదు. అది నాకు నచ్చింది. స్లీప్ అప్నియా తీవ్రంగా ఉన్నవారు ఊపిరి ఆగి ఉలిక్కిపడేటప్పుడు కూడా అచ్చం ఇలాగే చేతులూ కాళ్లూ విసురుతారట. రెండింటికీ వైద్యం వేరు. అందుకని ఒక రాత్రి ఆసుపత్రిలో పాలీసోమ్నోగ్రఫీ, అంటే ఒంటికి తీగలు అతికించి నిద్రను కొలిచే పరీక్ష, చేయాలి. గడ్డానికి కూడా తీగలు అతికించి కండరం పట్టు కొలుస్తారు. ఇవి రోజూ వచ్చేవి కావు కాబట్టి ఆ రాత్రి నాన్న కదలకుండా పడుకున్నా, ఇంటి వీడియోలు పక్కన పెట్టుకుని చూస్తామన్నారు.

వాసనలు తెలుస్తున్నాయా, మలబద్ధకం ఉందా, చేతిరాత చిన్నదైందా అని అడిగినప్పుడు నా గుండె జారిపోయింది. ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. ఈ రుగ్మత ఉన్నవారిలో చాలామందికి ఏళ్లు గడిచాక కదలికలు మందగించే పార్కిన్సన్స్ గానీ, మతి తగ్గిపోయే లూయీ బాడీ డిమెన్షియా గానీ వస్తుంది. ఆయన అడిగినవి వాటి తొలి గుర్తులు కావచ్చు. ఆయన దాచలేదు, బెదరగొట్టనూ లేదు. "ముందు పరీక్ష కానివ్వండి మాస్టారూ. తేలితే ఏటేటా చూస్తూ ఉందాం" అన్నారు. నాన్న జేబులోంచి కిరాణా చీటీ తీసి, అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయని చూపించారు.

భర్త ఎదురుగా భార్యను "రాత్రి ఈయన ఏం చేస్తారమ్మా?" అని అడిగితే మన ఇళ్లలో నిజం బయటికి రాదు. దాన్ని ఓర్పు అని మెచ్చుకుంటాం కూడా. అమ్మకు ఆ మెప్పు అక్కరలేదు, దెబ్బ తగలని మంచం కావాలి. సాయంత్రం నాన్న ఆమెను అడిగారు, "ఇన్నాళ్లూ చెప్పలేదేమే?" అని. "చెబితే మీరు నిద్రపోతారా?" అంది అమ్మ, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ.

మంచం పక్కనుంచి స్టూలు, మరచెంబు తీసేశాం. కింద పరుపు వేశాం. పక్క గదిలో పడుకోమంటే అమ్మ ససేమిరా అంది, మడత మంచం అదే గదిలో అవతలి గోడకు వేయించుకుంది. బాబాయి ఫోన్ చేసి వీడియో పంపమన్నాడు. పంపనని చెప్పాను. అది డాక్టరు కోసం తీసింది. పరీక్షకు వచ్చే వారం పిలుస్తారట. అప్పటిదాకా కెమెరా తీయవద్దని నాన్నే అన్నారు.