ఐదు వాట్ల ట్యూబ్ యాంప్‌లో బేస్

చిన్న గిటార్ యాంప్‌కి (శబ్దాన్ని పెంచే పెట్టెకి) బేస్ గిటార్ తగిలిస్తే స్పీకర్ చిరిగిపోతుందని మా ఒంగోలులో వాయించేవాళ్లంతా భయపెడతారు. వాల్యూమ్ పూర్తిగా తిప్పితే నిజంగానే పోతుంది. తక్కువలో పెట్టుకుంటే మాత్రం దాని గొంతే వేరు. ఆ గొంతు కోసమే నేను ఇంట్లో బేస్ సాధనంతా దీని మీదే చేస్తున్నాను.

నా దాంట్లో ముందు ఒక 12ఏఎక్స్7 ట్యూబ్ (పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వు), చివర ఒకే ఒక్క 6వి6 ట్యూబ్. ఐదు వాట్లు, ఎనిమిది అంగుళాల స్పీకర్, వెనక తెరిచి ఉన్న డబ్బా. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ (సెకనుకు 82 కంపనాలు) దగ్గర మోగితే, బేస్ లావు తీగ అందులో సగం, 41 దగ్గర మోగుతుంది. అంత కింది శబ్దం ఈ డబ్బాలోంచి దాదాపు రాదు. స్పీకర్ ముందుకు తోసిన గాలినీ వెనక్కి తోసిన గాలినీ ఒకదాన్నొకటి కలవనిస్తే అడుగు స్వరం అక్కడే చచ్చిపోతుంది. ట్యూబ్‌కీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా చిన్నదే, ఆ బరువు మొయ్యలేదు.

అయినా స్వరం తెలుస్తుంది. 82, 123 దగ్గర దాని పై స్వరాలు (తీగతో పాటే మోగే రెండు రెట్ల, మూడు రెట్ల స్వరాలు) గట్టిగా వస్తాయి కాబట్టి, వాటిని బట్టి మన చెవి లేని అడుగును తానే పూరించుకుంటుంది. పైగా ట్యూబ్ ఆ పై స్వరాలను ఇంకాస్త పెంచుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, వేలు కొంచెం గట్టిగా పడితే గరగరమంటుంది. ఏ వేలు బరువుగా పడుతోందో, ఏది తేలిపోతోందో అంత స్పష్టంగా నాకు హెడ్‌ఫోన్స్‌లో ఎప్పుడూ వినపడలేదు. చర్చిలో పాటలకు వాయించేవాళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం. అక్కడ కీబోర్డు ఎడమచెయ్యి కూడా కిందే తిరుగుతుంటుంది, మన స్వరం విడిగా తెలియాలంటే ఆ గరుకు ఉండాల్సిందే.

ఫెండర్ కంపెనీ 1952లో బాస్‌మన్ అనే యాంప్‌ని బేస్ కోసమే తెచ్చింది. దాన్ని గిటారిస్టులు ఎత్తుకెళ్లారు. ఆ సర్క్యూట్ చూసే మార్షల్ కంపెనీ వాళ్లు తమ మొదటి యాంప్ చేసుకున్నారు. మరి మనం వాళ్ల గిటార్ యాంప్ తెచ్చుకుంటే తప్పేముంది?

అడుగు కావాలనిపించిన రోజు లోపలి స్పీకర్ వైరు తీసి, అన్ని వైపులా మూసిన బేస్ క్యాబినెట్‌కి కలుపుతాను. ఐదు వాట్లే అయినా గది నిండుతుంది. ఆ క్యాబినెట్ ఓమ్‌లు (విద్యుత్ నిరోధం) యాంప్‌కి సరిపోవాలి. స్పీకర్ లేకుండా మాత్రం ట్యూబ్ యాంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

ఇక్కడ వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకి చూపించినప్పుడు మొదట చెప్పింది ఇదే: "స్విచ్ ఆపినా లోపల చెయ్యి పెట్టమాక అబ్బయ్యా, కండెన్సర్లలో కరెంటు నిలబడి ఉంటది." మూడు వందల ఓల్టుల మాట అది, నవ్వి వదిలేసేది కాదు. ఎండాకాలం సాయంత్రాలు మా వీధిలో ఓల్టేజీ ఎగిరిపడుతుంటుంది, అందుకని స్టెబిలైజర్ కూడా పెట్టాను.

డ్రమ్స్ పక్కన ఇది పనికిరాదు. ఆదివారం చర్చిలో నా బేస్ డీఐ బాక్స్ (యాంప్ లేకుండానే సిగ్నల్‌ని మిక్సర్‌కి అందించే చిన్న పెట్టె) మీదుగా నేరుగా మిక్సర్‌కే వెళుతుంది. రికార్డింగ్‌కి మాత్రం ఈ యాంప్ ముందు మైకు పెట్టి, డీఐ లైను కూడా తీసి రెండూ కలుపుతాను. అడుగు డీఐ నుంచి, గరుకు ట్యూబ్ నుంచి.