సాకెట్లో పిన్ను ముక్క

పదకొండున్నర అయింది. పడుకోవాల్సిందే, కానీ ఆ షాపాయన మాట ఇంకా గుచ్చుతోంది. "బోర్డే మార్చాల మేడం." ల్యాప్‌టాప్ తిప్పి కూడా చూడలేదు. టవర్ క్లాక్ దగ్గర ఆ ఎండలో బండికి చోటు వెతుక్కుని, పావుగంట నిలబడితే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే చెప్పాడు. 4,500 అంట! ఇరుక్కున్నదేమో బియ్యపుగింజంత. ఇయర్‌ఫోన్ పిన్ను కొన విరిగి లోపలే ఉండిపోయింది. అది ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ పెట్టే ఉందనుకుంటుంది, స్పీకర్ పలకదు. నాలుగు రోజులుగా మీటింగులన్నీ ఫోన్లోనే. చిన్నోడిని తిట్టని పూట లేదు. వాడు "నేను కాదమ్మా" అంటూనే ఉన్నాడు.

మా తమ్ముడు ముక్కులో చెనిక్కాయ విత్తనం దూర్చుకున్న రోజు గుర్తొచ్చింది. విత్తనాలు ఒలిచే రోజులు, పడసాల నిండా కుప్ప. అవ్వ వచ్చి ముందు నా వీపు మీద ఒకటేసింది, "నువ్వే పెట్టింటావ్" అని. ఎవరో పిన్నీసు తెస్తే, "పొడిస్తే ఇంకా లోపలికి పోతుంది" అని అరిచి, వక్కాకు సంచిలోంచి చిటికెడు ముక్కుపొడి తీసి వాడి రెండో ముక్కు దగ్గర పెట్టింది. మూడు తుమ్ములు. విత్తనం ఎగిరి కుప్పలోనే పడింది. అదేదో ఎవరికి తెలుస్తుంది? ఆ ఏడు చేన్లో మొలిచే ఉంటుంది. వాడికి బెల్లం ముక్క పెట్టింది. నాకు లేదు, వాడే దూర్చుకున్నాడని తేలాక కూడా.

షాపాయన ఒక మాట మాత్రం సరిగ్గా అన్నాడు, సూదితో కెలకొద్దని. మా ఆయన అప్పటికే కెలికారు, ముక్క ఇంకాస్త లోపలికి పోయింది. పిన్ను కొనకు మెడలా ఒక గాడి ఉంటుంది, లోపలి స్ప్రింగు దాన్ని పట్టుకుంటుంది. ఊరికే రాదు. తీయబోయి ఏమన్నా అయితే మనం షాపాయన మీదే కదా పడేది! అందుకే బోర్డన్నాడేమో. అయినా 4,500 ఎక్కువే.

రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఖాళీ రీఫిల్ చివర నున్నగా కోసి, అంచుకు ఫెవిక్విక్ అంటీ అంటనట్టు రాశాను. బొట్టు ఎక్కువైతే సాకెట్ కూడా అతుక్కుపోయి షాపాయన మాటే నిజమవుతుంది. రంధ్రం 3.5 మిల్లీమీటర్లు, రీఫిల్ అంతకంటే సన్నం. పక్కలకు తగలకుండా తిన్నగా పెట్టాను. మొదటిసారి తొందరపడి లాగితే రీఫిల్ ఒక్కటే వచ్చింది. రెండోసారి పది నిమిషాలు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పట్టుకున్నా. టిక్కుమని వచ్చేసింది. ఆన్ చేస్తే పాట మోగింది. అంతే.

ముక్క టేబుల్ మీద ఉంది, విరిగినచోట కాస్త వంగి. సోమవారం కరెంటు పోయినప్పుడు ఇయర్‌ఫోన్ పీకకుండానే ల్యాప్‌టాప్‌ను మంచం మీద పక్కకు నిలబెట్టింది నేనే.

చిన్నోడు నిద్రపోయాడు. డబ్బాలో బెల్లం ఉందనుకుంటా. ఈయనకు మాత్రం చెప్పేది లేదు, సూది పెట్టిన మనిషికి.