పత్రం, పుష్పం... కోసేముందు ఒక చూపు

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

గీత తొమ్మిదో అధ్యాయంలో 26వ శ్లోకం. ఆకో పువ్వో పండో నీళ్ళో, భక్తితో ఇస్తే తింటానంటాడు స్వామి. పండు తింటాననడంలో వింత లేదు. ఆకుకీ పువ్వుకీ కూడా ‘అశ్నామి’ అనే అన్నాడు. భక్తి మాట రెండుసార్లు వచ్చింది, ఎంత ఇవ్వాలో ఒక్కసారీ రాలేదు. పండగొస్తే హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి కిలోల లెక్కన బంతిపూలు మోసుకొచ్చే ఊళ్ళో, బాల్కనీలో రెండు కుండీలున్నవాళ్ళకు ఇది పెద్ద ఊరట.

ఆ రెండు కుండీలనూ నిదానంగా చూడటానికి ఫోన్ కెమెరా బాగా పనికొస్తుంది. వాసన చూసిన పువ్వు పూజకు పనికిరాదంటారు. కళ్ళతో చూడటానికి ఆ అడ్డు లేదు. అందుకే ఫోటో కోయకముందే, పువ్వు కొమ్మ మీదుండగానే తీయాలి. హారతి వేళ ఫోన్ ఎత్తడం మాత్రం వద్దే వద్దు.

ముందు ఆకు. సూర్యుడికీ ఫోన్‌కీ మధ్య తమలపాకు ఉండేలా నిలబడండి. కార్తీకంలో హైదరాబాద్‌లో సుమారు 6:20కి పొద్దు పొడుస్తుంది. ఆ తర్వాతి గంటలో వాలుగా వచ్చే వెలుగు ఆకులోంచి దూరి ఈనెలన్నీ చూపిస్తుంది. గ్రిల్లు నీడ అడ్డం పడితే కుండీని కాస్త జరపండి. బోరు నీళ్ళు చల్లే ఇళ్ళలో ఆకుల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. కంటికి ఆనదు గానీ ఫోటోలో దుమ్ములా కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడవండి. తులసికి గుడ్డ వద్దు, ఆకు నలిగిపోతుంది, తాగే నీళ్ళు చిలకరిస్తే చాలు. మరీ మీదికి వెళ్తే ఫోకస్ కుదరదు. చాలా ఫోన్ల ప్రధాన లెన్సుకు 10-15 సెంటీమీటర్ల ఎడమైనా కావాలి. జానెడు దూరంలో ఆగి, రెండింతల జూమ్ పెట్టుకోండి.

పువ్వుల్లో ఏడిపించేది ఎర్ర మందారం. ఎండలో తీస్తే రేకుల మడతలు పోయి ఎర్ర ముద్ద మిగులుతుంది, వెలుగును పట్టే కెమెరా సెన్సర్‌లో మిగతా రంగులకన్నా ముందే ఎరుపు నిండిపోతుంది కాబట్టి. నీడలో తీయండి. తెర మీద పువ్వును నొక్కి పట్టి, వెలుతురు గుర్తును కిందికి జరపండి. పారిజాతం రాత్రి విచ్చి తెల్లారేసరికి రాలుతుంది, నేల రాలినా పూజకు పనికొస్తుందని దానికి పేరు. తడి మట్టి మీద బోర్లా పడ్డవాటిని ఫోన్ నేలకు ఆనించి తీస్తే నారింజరంగు కాడలు నిలబడి కనిపిస్తాయి. ముదురు నేలను చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, తెల్లరేకులు పాలిపోతాయి. ఇక్కడా గుర్తు కిందికే.

పండు గురించి చెప్పేదేం లేదు. జామకాయ ఎలా తీసినా బాగుంటుంది.

నీళ్ళ దగ్గర ఓపిక కావాలి. చామాకు మీద ఒక్క బొట్టు వేసి చూడండి. మైనపు పూతతో కంటికి కనబడని బొడిపెలుండటం వల్ల నీరు ఆకుకు అంటదు, ముత్యంలా దొర్లుతుంది. గీత ఐదో అధ్యాయంలో ‘పద్మపత్రమివాంభసా’ (నీళ్ళలో తామరాకులా) అన్న తామరాకు సంగతీ ఇదే. బొట్టు వెనక బెత్తెడు దూరంలో బంతిపువ్వు పెడితే అది బొట్టులో తలకిందులుగా మెరుస్తుంది. ఫోకస్ బొట్టు అంచు మీద కాదు, లోపలి పువ్వు మీద. గాలికి పది ఫోటోల్లో ఒకటి నిలిస్తే గొప్ప.

తులసికోటలో రాగి చెంబుతో పోసే ధార ఇంకా కష్టం. చెంబు మెరుపులో తీసేవాళ్ళ మొహం పడుతుంది, పక్కకు జరిగితే పోతుంది. కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతు పెడితే ధార చుక్కలుగా విడిపోతుంది, ముప్పయ్యో వంతైతే పట్టుదారంలా సాగుతుంది. మొదటిదానికి నేరుగా ఎండ కావాలి, నీడలో ఫోటో గింజలు గింజలుగా వస్తుంది. నీళ్ళు పోయడానికి ఇంట్లో ఇంకొకరుండాలి. ఎవరూ లేని రోజున ఫోన్ గట్టు మీద పెట్టేసి, రెండు చేతులతో నీళ్ళు పోయండి.