తొమ్మిదిన్నర గంటల పగలు

శనివారం. లేచేసరికి ఏడున్నర. మా ఆయన, బుజ్జి ఇంకా దుప్పట్లోనే ఉన్నారు. అమ్మ మాత్రం ఎప్పట్లాగే ఐదింటికే లేచి స్నానం చేసేసి, దీపం పెట్టేసి, ఉగ్గానికి బొరుగులు ముందరేసుకుని కూర్చుంది. రాత్రి నేను టేబుల్ మీద వదిలేసిన మ్యాపును నాన్న కళ్ళద్దాలు ముక్కు చివరకి జార్చుకుని చూస్తున్నాడు. "ఏం పాపా, ఈడ ఊర్లే కనపడవే?" అన్నాడు. ఊర్లు లేకపోవడమే అక్కడి గొప్ప నాన్నా అన్నాను. ఆయనకి ఆ జవాబు నచ్చినట్టు లేదు.

క్రిస్మస్ మర్నాడు, అంటే 26న బయల్దేరాలి. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు. మేముండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఇండియా నుంచి ఎవరొచ్చినా గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి తీసుకెళ్ళడం మా ఇంట్లో ఒక ఆచారం, అమ్మానాన్నలకి అది అక్టోబర్‌లోనే అయిపోయింది. నాన్న అక్కడ రెయిలింగ్ పట్టుకుని పావుగంట ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి, చివరికి "మన గండికోటే, కాకపోతే శానా పెద్దది" అని తీర్పు చెప్పేశాడు. నవ్వొచ్చింది గానీ తప్పు కూడా కాదు. జమ్మలమడుగు దగ్గర పెన్నా కోసింది, ఇక్కడ కొలరాడో కోసింది. ఈసారి ఇంకా ఉత్తరానికి, పేజ్ అనే ఊరు, అది దాటాక యూటాలో కనాబ్ అనే ఊరు, ఆ పైన బ్రైస్ కాన్యన్.

పోయినేడు ఇదే డిసెంబర్‌లో మేం ముగ్గురం వెళ్ళిన ట్రిప్ గురించి ఇంట్లో ఎవరూ ఎత్తరు. మూడు రోజుల్లో ఐదు చోట్లు అని మా ఆయన ఎక్సెల్ షీట్ వేశారు, ప్రతి గడిలో మైళ్ళు, గంటలు, కాఫీ బ్రేకులతో సహా. సూర్యుణ్ణి ఒక్కణ్ణే మర్చిపోయారు. మాన్యుమెంట్ వ్యాలీ చేరేసరికి ఐదున్నర. ఎర్రగా ఉండాల్సిన ఆ రాతి గుట్టలన్నీ బొగ్గుతో గీసినట్టు నల్లగా నిలబడి ఉన్నాయి, కారు ఆపి కోటు తొడుక్కునేలోపు అవీ కనపడకుండా పోయాయి. లోపల 17 మైళ్ళ మట్టిరోడ్డు చుట్టి రావాలన్న ముచ్చట అక్కడితో సరి. బుజ్జి వెనక సీట్లో లేచి, "వచ్చేశామా?" అని అడిగి, కిటికీలోంచి ఒకసారి చూసి మళ్ళీ పడుకుంది. ఆరు గంటలు కారు నడిపి చీకటిని చూసొచ్చాం.

అందుకే ఈసారి ప్లాన్ నాది అన్నాను. ఎక్సెల్ లేదు, బుజ్జి పాత లెక్కల నోట్‌బుక్‌లో వెనక పేజీ. దానిమీద మైళ్ళకంటే ముందు పగలు రాశాను. డిసెంబర్ ఆఖర్లో అటువైపు ఏడున్నరకి తెల్లారుతుంది, ఐదుంబావు అయ్యేసరికి సూర్యుడు దిగిపోతాడు. తొమ్మిదిన్నర గంటలు, ఇంకో పది నిమిషాలు వేసుకోండి, అంతే. మన చేతిలో ఉన్న డబ్బు అదీ, దాన్ని ఎక్కడ ఖర్చుపెడతామన్నదే లెక్క. లోయ అడుగున అదీ దక్కదు, పక్క గోడ చాటుకి ఎండ ముందే వెళ్ళిపోతుంది. పొద్దుపోయాక కూడా నడపొచ్చు కదా అని మా ఆయన. నడపొచ్చు, కానీ నవాహో అనే ఆదివాసీ తెగవాళ్ళ నేల మీద చాలాచోట్ల పశువులకి కంచె ఉండదు, ఆవులూ గుర్రాలూ రోడ్డు మీదకి వచ్చి నిలబడతాయి. ఊళ్ళో రోడ్డుకడ్డంగా బర్రెలు పడుకుంటే హారన్ కొట్టి పక్కనుంచి పోతాం, ఇక్కడ 65 మైళ్ళ స్పీడులో, లైట్లు లేని రోడ్డు మీద, ఆ అవకాశం ఉండదు.

సరే, లెక్క ఇలా తేలింది. మొదటి రోజు పేజ్, దాదాపు 290 మైళ్ళు, ఆగుతూ వెళ్తే ఆరు గంటలు. చీకట్లోనే బయల్దేరాలి, ఎందుకంటే ఇంటి దగ్గరి చీకటి ఖర్చయినా పర్లేదు, అక్కడి వెలుతురు ఖర్చు కాకూడదు. మేముండేది 1,200 అడుగుల ఎత్తు, రెండున్నర గంటల్లో ఫ్లాగ్‌స్టాఫ్ 7,000. ఇక్కడ స్వెటర్ చేతిమీద వేసుకుని కారెక్కుతాం, అక్కడ మంచులో దిగుతాం. మళ్ళీ పేజ్ 4,300, కనాబ్ 5,000, బ్రైస్ 8,000. ఫోన్‌లో నాలుగు ఊర్ల వాతావరణం పక్కపక్కన పెట్టుకుంటే ఒక్కో ఊరిది ఒక్కో కాలం. ఒక విషయంలో మాత్రం చలికాలం నయం. అరిజోనాలో గడియారం మార్చరు, నవాహో నేషన్‌లో మారుస్తారు, యూటాలోనూ మారుస్తారు, ఎండాకాలం అటు తిరిగితే ఫోన్‌లో టైమ్ గంట ముందుకీ వెనక్కీ గెంతుతూ పిచ్చెక్కిస్తుంది. డిసెంబర్‌లో అందరిదీ ఒకటే టైమ్. ఒక టెన్షన్ తగ్గింది.

రెండో రోజు పొద్దున ఆంటిలోప్ కాన్యన్, రాతిలో పడ్డ ఇరుకు సందు. అది నవాహో వాళ్ళది, వాళ్ళ గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. అప్పర్, లోయర్ అని రెండున్నాయి, లోయర్‌లో నిట్టనిలువు ఇనుప మెట్లు, అమ్మ మోకాళ్ళతో అయ్యే పని కాదు. అప్పర్‌లో చదునైన ఇసుక మీద నడక, తిరిగొచ్చే దారిలో మాత్రం కొన్ని మెట్లున్నాయి, చెయ్యి పట్టుకుంటే ఎక్కేస్తుంది. గొడవల్లా బుజ్జితో వచ్చింది. అది ఫొటోల్లో చూసింది, పైనుంచి స్తంభంలాగా పడే వెలుగుని. ఆ వెలుగు పడేది మార్చి మధ్య నుంచి అక్టోబర్ మొదటి దాకా. చలికాలం సూర్యుడు అంత ఎత్తుకి ఎక్కడు, నెర్రెలోంచి నేల దాకా కిరణం దిగదు. "మరి ఇప్పుడెందుకు వెళ్ళడం?" అని మూతి ముడిచింది. ఇప్పుడైతే జనం తక్కువ అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకి అదొక కారణమా.

ఇంత ఇరుకు సందు ఎట్లా పడిందని నాన్న అడిగాడు. వరద కోసిందే నాన్నా, వానాకాలం ఇప్పటికీ వస్తుంది, 1997 ఆగస్టులో లోయర్‌లో 11 మంది టూరిస్టులు కొట్టుకుపోయారు, వాన పడింది అక్కడ కాదు, మైళ్ళ దూరంలో ఎక్కడో అని చెప్పాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. "మన చెయ్యేరు మాదిరే," అన్నాడు. 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు కిందున్న ఊళ్ళకి నీళ్ళు ఎట్లా వచ్చాయో ఆయన టీవీలో రోజంతా చూశాడు. నీళ్ళ సంగతి ఆయనకి చెప్పక్కర్లేదు, ముప్పై రెండేళ్ళు ఇరిగేషన్‌లో చేశాడు.

అసలు ఆయన దృష్టి కాన్యన్‌ల మీద లేదని నాకు అప్పుడు అర్థమైంది. మ్యాపులో పేజ్ పక్కన గ్లెన్ కాన్యన్ డ్యామ్ అని ఉన్నచోట వేలు పెట్టి ఉంచాడు. ఎత్తెంత అని అడిగితే 710 అడుగులు అన్నాను. పెదాలు కదిలించి లెక్కేసుకుని, "216 మీటర్లా! శ్రీశైలం 145" అన్నాడు, ఎవరో పక్కింటివాళ్ళు మనకంటే పెద్ద ఇల్లు కట్టినట్టు. ఆ డ్యామ్ వెనక నిండిన నీళ్ళే లేక్ పవెల్, గ్రాండ్ కాన్యన్‌కి తీసిపోదని చెప్పుకునే లోయ ఒకటి ఆ నీళ్ళ కింద ఉంది, నీళ్ళు తగ్గినప్పుడల్లా రాతి మీద సున్నం వేసినట్టు తెల్లటి చార బయటపడుతుంది. అది చెప్పాక నాన్న గొంతు మారింది. గండికోట రిజర్వాయరు కింద పోయిన తాళ్ళ ప్రొద్దుటూరులో మా చిన్నత్త వాళ్ళ ఇల్లు ఉండేది, ఆ ఇంటి అరుగు మీద నేను కూడా ఆడుకున్నాను. "ఎవురి ఊర్లు పోయినాయో ఈడ," అన్నాడు మ్యాపు మడుస్తూ. లెక్కల నోట్‌బుక్‌లో హార్స్‌షూ బెండ్ (పేజ్ దగ్గర కొలరాడో గుర్రపు లాడంలా వంపు తిరిగే చోటు) పక్కనే డ్యామ్‌కి గంటన్నర రాశాను.

మధ్యాహ్నం టైర్లు. మా ఆయన టైర్ గాడిలో పెన్నీ నాణెం తలకిందులుగా దూర్చారు. దానిమీది లింకన్ తల కొంచెమైనా గాడిలోకి మునిగితే టైర్‌లో ఇంకా ప్రాణం ఉన్నట్టు. ముందు రెండూ పర్లేదు. వెనక ఎడమవైపు దాంట్లో నాన్న గొంతుక్కూచుని పెట్టి చూసి, "ఈ సామి తలకాయంతా కనపడతాంది" అన్నాడు. వెనక రెండూ మార్చక తప్పలేదు. టైర్ షాపులో నాలుగూ మార్చాల్సిందేనని అరగంట నస పెట్టారు, నాణెం కథ చెప్పి బయటపడ్డాం. టైర్లో గాలి కూడా ఒక లెక్కే, చలి పది డిగ్రీల ఫారన్‌హీట్ పెరిగితే ప్రెజర్ సుమారు ఒక పాయింట్ (పీఎస్ఐ) పడిపోతుంది, ఇక్కడి అరవై నుంచి బ్రైస్‌లో తెల్లారగట్ట పదికి వెళ్తే ఐదు పాయింట్లు. అక్కడ పొద్దున్నే డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగితే గాభరా పడొద్దని నాకు నేనే రాసి పెట్టుకున్నాను.

అక్కణ్ణుంచి మంచు ముళ్ళ కోసం తిరిగాం. షూ మీదుగా తొడుక్కునే రబ్బరు పట్టీ, అడుగున గొలుసులు, గొలుసులకి ఇనుప ముళ్ళు, మైక్రోస్పైక్స్ అంటారు. ఎడారి ఊళ్ళో ఇవి అమ్మేదెవరు? మూడో షాపులో దొరికాయి, అవీ చివరి రెండు జతలు. ఇంటికొచ్చి అమ్మకి స్పోర్ట్స్ షూ వేయించి పైన తొడిగాను. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, ఇంకో చెయ్యి గోడకి ఆనించి, కాలు పైకీ కిందకీ ఆడించి చూసింది. "గుర్రానికి లాడాలు కొట్టినట్టుండాదే" అంది. బుజ్జి వీడియో తీసింది. పాలరాయి లాంటి టైల్స్ మీద నాలుగు అడుగులు వేసేసరికి టకటకా చప్పుడు, నేను పరిగెత్తుకెళ్ళి డోర్‌మ్యాట్ వేశాను, అద్దె ఇల్లు మరి.

మూడో రోజంతా బ్రైస్‌కే ఇచ్చేశాను, దీనికి మా ఆయన మొహం మాడ్చుకున్నా సరే. కనాబ్ నుంచి గంటన్నర. పేరులో కాన్యన్ అని ఉన్నా అది నిజానికి కాన్యన్ కాదు, ఏ నదీ దాన్ని కోయలేదు. పీఠభూమి అంచుని మంచూ నీళ్ళూ కలిసి కొరుక్కుతిన్నాయి. పగలు మంచు కరిగి రాతి పగుళ్ళలోకి దిగుతుంది, రాత్రికి గడ్డకడుతుంది, గడ్డకట్టినప్పుడు నీళ్ళు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి రాయి పగులుతుంది. ఏడాదిలో సగం రోజులు, అటూ ఇటుగా, ఇదే వరస. మిగిలినవే ఆ నారింజ రంగు రాతి స్తంభాలు, హూడూలు. అంటే మేం చలికాలంలో వెళ్తున్నామంటే అక్కడ పని జరుగుతుండగా వెళ్తున్నట్టు. అక్కడి పైయూట్ తెగవాళ్ళ కథ వేరే, చెడ్డపనులు చేసిన జనాన్ని కాయోటీ, అంటే వాళ్ళ కథల్లో మహిమలున్న నక్కలాంటి జంతువు, రాళ్ళుగా మార్చేసిందట, ముఖాలకి వేసుకున్న రంగులు ఇంకా అట్లాగే ఉన్నాయట. అమ్మ విని, "మనకు ఒక అహల్యే, వాళ్ళకు ఊరికి ఊరే" అంది. 1870ల్లో అక్కడ కాపురమున్న బ్రైస్ అనే ఆయన, ఆవు తప్పిపోతే వెతకడానికి ఇంతకంటే పాడు చోటు లేదన్నాడని చెప్పుకుంటారు. ఈ మాట మాత్రం అమ్మకి భలే నచ్చింది, పెళ్ళికి ముందు ఇంట్లో ఆరు ఎనుములు ఉండేవి కదా, తప్పిపోతే సాయంత్రం వెతకడం ఆమె డ్యూటీ.

అమ్మానాన్నలు లోపలికి దిగనక్కర్లేదు, సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా పైనే అర మైలు చదునైన దారి. మేం ముగ్గురం కాస్త దిగుతాం. వాల్ స్ట్రీట్ అనే ఇరుకు సందు చలికాలంలో మూసేస్తారు, సరే.

యూటాలోనే ఉన్న ఇంకో కాన్యన్ పార్కు జయన్, దాని పేరు ఎత్తకుండా రోజు గడుస్తుందనుకున్నాను, కాఫీ దగ్గర మా ఆయన ఎత్తారు. "కనాబ్ దాకా వెళ్ళి జయన్ చూడకుండా వస్తామా?" అని. పండగ వారంలో అక్కడ షటిల్ బస్సులు తిప్పుతారు, అవి తిరిగే రోజుల్లో లోపలి రోడ్డు మీదకి మన కారుని రానివ్వరు, బస్సు కోసం లైన్లో నిలబడేది మన తొమ్మిదిన్నర గంటల్లోంచే పోతుంది అన్నాను. ఆయనేమో 1930లో కొండని తొలిచి కట్టిన సొరంగం, 1.1 మైళ్ళు, మధ్యమధ్యలో రాతికి కిటికీలు అని బుజ్జికి చెప్పి దాన్ని తనవైపు తిప్పుకున్నారు. చివరికి రాజీ. బ్రైస్‌లో పెద్ద మంచు పడితే ఆ రోజు జయన్, అది నాలుగు వేల అడుగులు కింద కాబట్టి అక్కడ రోడ్డు బాగుండొచ్చు. మంచు పడాలని తండ్రీ కూతుళ్ళు ఇప్పట్నుంచే దేవుడికి దణ్ణాలు. నాలుగో రోజు ఏమీ లేదు, తిరుగు ప్రయాణం. ఆ గడి ఖాళీగా ఉందేమిటని మా ఆయన మూడుసార్లు అడిగారు.

సాయంత్రం అమ్మ తిండి లిస్టు రాసుకుంది. చింతపండు పులిహోర, చపాతీలు, చెనిక్కాయల పొడి, ఊరుమిండి, పెరుగన్నం కోసం రైస్ కుక్కర్. హోటల్ గదిలో తిరగమోత మాత్రం వద్దమ్మా, స్మోక్ అలారం మోగుతుంది అని బతిమాలాను. మొహంలో ఒప్పుకున్న జాడ లేదు. మ్యాపులు ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేశాను, దారిలో చాలాసేపు సిగ్నల్ ఉండదు.

రాత్రి తొమ్మిదికి నాన్న జమ్మలమడుగులో ఉన్న పాత దోస్తుకి వాట్సాప్ కాల్ కలిపాడు, అక్కడ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఎత్తు మీటర్లలో రెండుసార్లు చెప్పాడు. మిగతా రోజులు ఏం చేస్తారని ఆయన అడిగినట్టున్నాడు.

"ఏమో ప్పా, యాడో ఎర్ర గుంతలు చూపిస్తాదంట మా పాప," అన్నాడు నాన్న.